గుమ్మడికాయలో దాచిన రాత్రి

నేను ఒక నల్ల క్రేయాన్ని. రంగు పేరు వినగానే ముఖం చిట్లించకండి, ఆ చిట్లింపులు నాకు అలవాటే. పన్నెండు రంగుల డబ్బాలో చివరి గదిలో, గోడవారగా పడుకొనేదాన్ని నేనే. ఇప్పుడు మీరు నన్ను చూస్తే క్రేయాన్ అనరు, మిరియపు గింజ అంటారు. అంతగా అరిగిపోయాను. ఏడిపించి అరగదీశారేమో అని జాలిపడకండి. నా అంత వైభోగంగా అరిగిన క్రేయాన్ మా ఫ్యాక్టరీలో ఇంకొకటి పుట్టలేదని గట్టిగా చెప్పగలను.

ఫ్యాక్టరీ అన్నాను కదా, అక్కడా నాది వెనకబెంచీయే. మైనం కరిగించి రంగు కలిపి అచ్చుల్లో పోసేటప్పుడు పసుపుతో మొదలుపెట్టేవారు. నన్ను సాయంత్రం అందరికన్నా చివర పోసేవారు. నలుపు పోసిన పాత్రలో ఇంకో రంగు పోయాలంటే ముందు దాన్ని తోమి తోమి చేతులు పడిపోవాలట. అప్పటికి అందరి కళ్ళూ గడియారం మీదే ఉండేవి. ఆ ఇంటికెళ్ళే తొందరలోనే నా ఒంటికి చుట్టిన కాగితం కాస్త వంకరగా అంటుకుంది. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్న మనిషిలా ఉండేదాన్ని. ఆ వంకర గుర్తుపెట్టుకోండి, తర్వాత అదే నాకు అక్కరకొచ్చింది.

అక్కడి నుంచి కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక స్టేషనరీ కొట్టుకు వచ్చాను. ఒకరోజు ఒకావిడ పాపను చంకనేసుకుని వచ్చి, పెద్దకూతురి పుట్టినరోజుకు వచ్చే పిల్లలకు పంచడానికి రంగుల డబ్బాలు కావాలంది. డబ్బా మూత తీసి నన్ను చూసి ఆగిపోయింది.

“ఏవండీ, శుభమా అని పుట్టినరోజు చేసుకుంటుంటే నలుపేంటండీ? ఇది తీసేసి ఇవ్వలేరా?”

“పన్నెండు రంగులని డబ్బా మీద అచ్చేసి ఉందండి. పదకొండిస్తే పిల్లలు మిమ్మల్ని ఊరుకోరండి,” అన్నాడు కొట్టాయన.

ఆవిడ అయిష్టంగానే తీసుకుంది. చంకలో పాప బుగ్గ మీద రూపాయి బిళ్ళంత కాటుక చుక్క ఉంది, అరికాల్లో ఇంకొకటి ఉంది. అవి ఏ రంగో ఆ తల్లికి ఆ నిమిషాన గుర్తులేనట్టుంది. మనుషుల సంగతే అంత. దిష్టి తగలకుండా కాపాడటానికి నేను కావాలి, పండగకు మాత్రం పనికిరాను.

ఆ పుట్టినరోజులో కేకు ముక్కతో పాటు నన్ను అందుకున్న పిల్ల పేరు మోక్షిత. నాలుగేళ్ళు. రామారావుపేటలో రెండు గదుల వాటాలో అమ్మానాన్నలతో ఉంటుంది. నాన్న రాంబాబుకు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. అమ్మ స్వరూప ఒక ఆసుపత్రిలో నర్సు. మోక్షిత గులాబీరంగును మొదటి వారంలోనే అరగదీసింది. నాకు మాత్రం ఒక్కటే ఉద్యోగం, అమ్మ జడ వేయడం. ఆ పిల్ల బొమ్మల్లో అమ్మ చిన్నగా ఉండేది, జడ మాత్రం కాళ్ళ దాకా, ఒక్కోసారి కాగితం అంచు దాకా వచ్చేది. చిన్న ఉద్యోగమే అయినా ఇష్టంగా చేశాను.

మోక్షితతో పాటు నేనూ బడికి వెళ్ళేదాన్ని. అది వీధి చివర మేడ మీద ఉన్న ప్లేస్కూలు. హిమజ టీచరు తరగతిలో మొత్తం పదకొండుమంది పిల్లలు, పదకొండు డబ్బాలు ఒకే అల్మరాలో ఉండేవి. వాళ్ళ ముక్కులు తుడవడానికీ, అన్నాలు తినిపించడానికీ, ఏడుపులు ఆపడానికీ నూకరత్నం ఉండేది. పేరుకు ఆయా గానీ అసలు ఆ బడిని నడిపేది ఆవిడే అని పదకొండు డబ్బాల్లోని రంగులన్నిటికీ తెలుసు.

అక్టోబరు చివరివారం హిమజ టీచరు ఒక బొమ్మ కాగితాల కట్ట తెచ్చింది. హాలోవీన్ రాత్రి బొమ్మ. ఒక ఇల్లు, అరుగు మీద కళ్ళూ పళ్ళూ ఉన్న గుమ్మడికాయలు, ఒక పిల్లి, తెల్లదుప్పటి కప్పుకుని నవ్వుతున్న చిన్న దెయ్యం, చేతుల్లో బుట్టలు పట్టుకున్న ఇద్దరు పిల్లలు, వాళ్ళ మీద బోలెడంత ఖాళీ ఆకాశం. పిల్లలు రంగులేస్తే గోడకు అంటించి, ముప్పై ఒకటో తారీఖు సాయంత్రం తల్లిదండ్రులకు చూపించాలని ఆవిడ ఆలోచన. నూకరత్నం ఒక కాగితం తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

“ఇదేదో కొత్త పండగన్నారు గానండీ, గుమ్మానికి ముఖమేసిన గుమ్మడికాయ పెట్టడం మనకి ఎప్పట్నుంచో ఉన్నదే కదండీ. మాదైతే ఉట్టిలో వేలాడుద్ది, ఈళ్ళది అరుగు మీద కూచుంది. అంతే కదండీ టీచరుగారూ?”

హిమజ టీచరు నవ్వేసి, బడికి నిజం గుమ్మడికాయ కూడా తెప్పించానంది. రైతుబజారులో దొరికిన కాయ బొమ్మలోలాగా గుండ్రంగా, నారింజరంగులో లేదు. బండరాయిలా బూడిదపచ్చగా, అణిగిపోయి ఉంది. దాన్ని కోసి ముఖం చెక్కమంటే నూకరత్నం రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

“ఆడోళ్ళు నిండు గుమ్మడికాయ కొయ్యకూడదండి. మొదటి గాటు మగోడే పెట్టాలి. తర్వాత ఎంత కొయ్యమన్నా కోత్తాను.”

కిందకు కబురంపితే వ్యాను నడిపే సత్తిబాబు పైకొచ్చాడు. పదకొండుమంది పిల్లలు చూస్తుండగా కాయ మీద ఒక్క గాటు పెట్టి, కొండను పిండి చేసినవాడిలా ముఖం పెట్టి దిగిపోయాడు. మిగిలిన కోతంతా నూకరత్నమే కోసింది. గుజ్జు తీసి దప్పళానికని డబ్బాలో పెట్టుకుంది. బోలుగా మిగిలిన కాయకు రెండు కళ్ళు, మూడు పళ్ళు పెట్టి, తొడిమను మూతలా మీద పెట్టి, కిటికీ కింద బల్లమీద ఉంచారు.

ముప్పయ్యో తారీఖు పొద్దున పిల్లలు ఇల్లు, పిల్లి, గుమ్మడికాయలు రంగులేశారు. పన్నెండు గంటలకు హిమజ టీచరు చప్పట్లు కొట్టి చెప్పింది.

“వెరీ గుడ్. రేపు అందరం నల్ల క్రేయాన్ తీసుకుని ఆకాశమంతా నింపేద్దాం. రేపు మనం రాత్రి చేద్దాం!”

ఆ మాట వినగానే నా మైనం పొంగినంత పనైంది. ఎన్ని నెలలుగానో జడ తప్ప ఎరగని నాకు ఏకంగా ఆకాశం! పక్కనున్న గోధుమరంగుతో గొప్పలు కూడా చెప్పుకున్నాను. మోక్షిత ముఖం ఆ క్షణాన పాలిపోయిందని నేను చూడలేదు. ఎవరి సంబరం వాళ్ళది కదా.

సంగతేమిటంటే, ముందురోజే స్వరూప కూతురికి అన్నం పెడుతూ చెప్పింది. “ఎల్లుండి మీ బళ్ళో హాలోవీన్ అయ్యాక అమ్మకి నైట్ డ్యూటీ తల్లీ. పదిహేను రోజులు. నువ్వు నాన్న దగ్గర పడుకోవాలి. రాత్రి అవగానే వెళ్తా, పొద్దున్నే వచ్చేస్తా.” మోక్షిత పుట్టాక స్వరూపకు ఇదే మొదటిసారి నైట్ డ్యూటీ పడటం. పిల్ల ఏడవలేదు. “రాత్రి అవకపోతే?” అని మాత్రం అడిగింది. స్వరూప నవ్వి, “అవకపోతే వెళ్ళనులే,” అంది. పెద్దవాళ్ళు ఇలాంటి మాటలు ఇట్టే అనేస్తారు, అని మర్చిపోతారు. పిల్లలు మర్చిపోరు. ఇప్పుడు టీచరేమో రేపు మనమే రాత్రి చేద్దామంటోంది. చేసేది నల్ల క్రేయాన్లతో. ఇక ఆ పిల్లకు దారి తెలిసిపోయింది.

అన్నాల వేళ అందరూ చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. మోక్షిత అల్మరా దగ్గరికి వచ్చి ఒక్కో డబ్బా తెరిచి చివరి గదిలోని నలుపును తీసి గౌను ఒడిలో వేసుకుంది. చివర నన్నూ తీసింది. పదకొండుమందిమి ఆ ఒడిలో దొర్లుతూ కిటికీ దాకా వెళ్ళాం. గుమ్మడికాయ మూత లేచింది, ఒకదాని మీద ఒకటి లోపల పడ్డాం, మూత మూసుకుంది.

ఆ రాత్రి ఎలా గడిచిందో నన్నడగకండి. కింద తడి, చుట్టూ పచ్చి గుమ్మడి వాసన. ఆకాశం వేస్తానని గొప్పలు చెప్పిన నోటితోనే ‘ఇక దప్పళంలో పడతామేమో’ అని ఏడ్చాను.

మర్నాడు పొద్దున డబ్బాలు తెరిస్తే గోలగోలైంది. ఏ డబ్బాలోనూ నలుపు లేదు. హిమజ టీచరు అల్మరా వెతికింది, బ్యాగులు వెతికింది, నూకరత్నం చీపురు పెట్టి బల్లల కింద లాగింది. “నల్ల క్రేయాన్లు ఎవరు తీశారమ్మా?” అని టీచరు అడిగితే పదిమంది ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. మోక్షిత మాత్రం రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టన్న సామెత చెప్పినవాళ్ళు ఇలాంటి దొంగను చూసి ఉండరు. గుమ్మడికాయ ఉన్నచోటే ఉంది, మూడు పళ్ళతో నవ్వుతూ కూడా ఉంది. మాకు ఆ కళ్ళ కంతల్లోంచి అంతా కనబడుతోంది.

చేసేదిలేక హిమజ టీచరు ఎవరికి నచ్చిన రంగు వాళ్ళను వేయమంది. ఒకడు నీలం రాత్రి చేశాడు, ఇంకొక పిల్ల ఊదా. ఒక బుడతడు ఎర్రటి రాత్రి చేసి పైగా రెండు సూర్యుళ్ళను పెట్టాడు. మోక్షిత ఆకాశం మాత్రం తెల్లగానే ఉంది. దాని మీద చేతులు మడిచి పెట్టుకుని కూర్చుంది. టీచరు ఎంత బతిమాలినా తల అడ్డంగానే ఊపింది.

సాయంత్రం నాలుగు అయింది. ఇంకో అరగంటలో తల్లిదండ్రులు వస్తారు. కర్టెన్లు దించి గదిని చీకటి చేశారు. “నూకరత్నం, గుమ్మడికాయలో ప్రమిద పెట్టి వెలిగించు,” అంది టీచరు. ఆ మాటతో మా పదకొండుమందికీ ప్రాణం పోయింది. మేము మైనం. లోపల దీపం వెలిగిస్తే ఏమవుతామో మాకు వేరే చెప్పాలా? మూత లేచింది, నూకరత్నం చెయ్యి లోపలికి వచ్చింది, వేళ్ళు మా మీద పడ్డాయి.

“అమ్మ బాబోయ్! జెర్రులండీ! ఒకటి కాదు, గంపెడు జెర్రులు!”

ప్రమిద ఎగిరి ఎక్కడో పడింది. పిల్లలు కేకలేశారు. పుట్టాక మొట్టమొదటిసారి ఒకరు నన్ను చూసి భయపడ్డారు, నిజం చెప్పొద్దూ, కాస్త గొప్పగానే అనిపించింది. అంతలో ఆవిడ కళ్ళు నులుముకుని మళ్ళీ తొంగిచూసింది. చూసి, చటుక్కున మూత పెట్టేసింది. “ఏం లేదండీ టీచరుగారూ, గుజ్జుపీచు తగిలింది. నేను చూసుకుంటానుండండి,” అని అబద్ధం కూడా ఆడింది. ఆవిడకు దొంగెవరో వెతకాల్సిన పని పడలేదు. ఆ కేకకు పదిమంది పిల్లలు గది అవతలి మూలకు పరిగెత్తితే, ఒక్కతి మాత్రం గుమ్మడికాయకు అడ్డంగా వచ్చి నిలబడింది.

నూకరత్నం కాయను ఒక చంకన, మోక్షితను ఒక చంకన వేసుకుని వంటగదిలోకి తీసుకెళ్ళి పీట మీద కూర్చోబెట్టింది.

“చెప్పు బంగారం. ఈటినెందుకు దాచావు?”

మోక్షిత కాయ మూతను రెండు చేతులతో నొక్కిపట్టుకుంది. “నలుపు లేకపోతే రాత్రి అవదు. రాత్రి అవకపోతే అమ్మ డ్యూటీకి వెళ్ళదు. అమ్మే చెప్పింది.”

పదకొండుమంది పిల్లల ఏడుపులు ఒంటిచేత్తో ఆపే మనిషి, ఈ మాటకు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకూ అప్పుడుగాని అర్థం కాలేదు. నేను ఆకాశం కోసం ఎగిరిపడుతుంటే ఈ పిల్ల నన్ను చూసి వణికిపోతోంది. పొద్దున ఆకాశాన్ని తెల్లగా వదిలేసింది అందుకా అనుకున్నాను. సిగ్గేసింది.

“ఓసి పిచ్చితల్లీ,” అంది నూకరత్నం. “రాత్రిని ఇలా కాయలో దాచేత్తే అది ఎప్పటికీ ఇందులోనే ఉండిపోద్ది కదా. వాడి పారేత్తే అయిపోద్ది గానీ.”

“రాత్రి అయిపోతుందా?”

“ఎందుకైపోదు? రోజూ అయిపోవట్లా?”

మోక్షిత అది నమ్మలేదు. నాలుగేళ్ళ పిల్లలు ఊరికే నమ్మరు, పరీక్ష పెట్టి చూస్తారు. కాయలో చెయ్యి పెట్టి మమ్మల్ని కెలికి, వంకర కాగితం చూసి నన్ను గుర్తుపట్టి బయటకు తీసింది. నూకరత్నం నన్ను కొంగుతో తుడిచి, బొమ్మ కాగితం తెచ్చి ముందు పెట్టింది. మోక్షిత తెల్లటి ఆకాశం మీద ఒక గీత గీసింది. నన్ను కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. ఇంకో నాలుగు గీతలు. మళ్ళీ చూసింది. నా మొన అరిగి చదునైంది.

“చిన్నదవుతోంది!”

“మరి? గీసేకొద్దీ అరిగిపోద్ది.”

ఇక చూడండి. నాలుక పళ్ళ మధ్య బిగబట్టి, మోకాళ్ళ మీద లేచి, ఒళ్ళంతా బలంపెట్టి ఆ పిల్ల రాత్రిని వాడటం మొదలుపెట్టింది. ఇంటి చుట్టూ, పిల్లి తోక చుట్టూ, దెయ్యం దుప్పటి చుట్టూ ఒక్క చుక్క తెలుపు వదలకుండా నింపింది. నింపినదాని మీద మళ్ళీ నింపింది. నా వంకర చొక్కాను చింపుకుంటూ వెనక్కి తోసేసింది. మధ్యలో నడుం విరిగింది, సగం ముక్క పీట కింద పడిపోయింది, అయినా బాధ తెలియలేదు. ఒక మనిషి నన్ను అంత పట్టుదలగా ఎప్పుడూ పట్టుకోలేదు. ఆ పది నిమిషాల కోసమే నన్ను పోశారేమో అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

నాలుగున్నరకు తల్లిదండ్రులు వచ్చారు. నూకరత్నం మిగిలిన పది నలుపులనూ ఎవరి డబ్బాలో వాటిని గుట్టుచప్పుడు కాకుండా పెట్టేసింది. ఈసారి దీపం క్షేమంగా వెలిగింది. గోడమీద నీలం, ఊదా, ఎర్ర రాత్రుల మధ్య ఒకే ఒక్క నల్లటి రాత్రి గుమ్మడికాయ దీపానికి నిగనిగ మెరుస్తోంది. అందరూ దాని దగ్గరే ఆగారు. పుట్టినరోజుకు నన్ను వద్దన్న ఆవిడ కూడా ఆగి, “అబ్బ, ఈ నలుపెంత బావుందండీ!” అంది. కాలం కలిసొస్తే మాటలిలాగే మారతాయి.

స్వరూప డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. నూకరత్నం ఆమెను పక్కకు పిలిచి రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. స్వరూప కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పిల్ల నల్లటి వేళ్ళను తన అరచేతిలో పెట్టుకుని చూసింది.

“అమ్మా, ఇది నువ్వు తీసుకెళ్ళు,” అంటూ మోక్షిత నన్ను ఆమె చేతిలో పెట్టింది. అప్పటికి నేను ఆ పిల్ల చిటికెన వేలంత ఉన్నాను, వేలి పక్కన పెట్టి కొలిచే ఇచ్చింది. “రాత్రంతా దీంతో గీసెయ్. గీస్తే అయిపోతుంది. అయిపోతే వచ్చెయ్.”

“అలాగే తల్లీ,” అంది స్వరూప. ఈసారి ఇట్టే అనేసిన మాట కాదు అది.

ఆ రాత్రి నేను ఆమె జేబులో థర్మామీటరుకూ పెన్నుకూ నడుమ వార్డులన్నీ తిరిగాను. పాపం ఆమెకు కూర్చునే తీరికే లేదు. నన్ను మరిచిపోయింది. తెల్లవారుజామున చేతులు తుడుచుకుంటుంటే వేలికి తగిలాను. గబుక్కున పాత క్యాలెండరు కాగితం ఒకటి వెతికి, దాని వెనక గరగరా గీసింది. పక్కనున్న నర్సు వింతగా చూసింది. “మా పాప రాత్రిని అయిపోగొట్టమంది,” అంది స్వరూప, గీత ఆపకుండానే.

ఇంటికి వెళ్ళేసరికి రాంబాబు కూతురికి కథ చెప్పబోయి తానే నిద్రపోయిన మనిషిలా మంచం మీద అడ్డంగా పడి ఉన్నాడు. మోక్షిత గుమ్మంలోనే కూర్చుని ఉంది. అమ్మ ముఖం చూడకముందే నన్ను అడిగింది. వేలి పక్కన పెట్టి కొలిచింది. వేలు పెద్దదైంది, నేను చిన్నదాన్నయ్యాను. అప్పుడు తలెత్తి అమ్మను వాటేసుకుంది.

అలా రోజూ. ప్రతి తెల్లవారుజామునా క్యాలెండరు వెనక గరగర, ప్రతి పొద్దునా గుమ్మంలో కొలత. చింతగింజంత అయ్యాను, తర్వాత కందిగింజంత. స్వరూప ఒక్కరోజు కూడా మానలేదు. రోగులు ఎక్కువైన రోజున ఆటోలో వస్తూ గీసింది.

పధ్నాలుగో పొద్దున గుమ్మంలో ఎవరూ లేరు. స్వరూప కంగారుగా లోపలికి వెళ్ళింది. మోక్షిత నాన్న పొట్టమీద కాలు వేసుకుని హాయిగా నిద్రపోతోంది. స్వరూప నన్ను అరచేతిలో పట్టుకుని మంచం పక్కకు వచ్చింది. లేపి చూపిద్దామనుకుంది, లేపలేదు. పిల్ల లేచాక అమ్మను చూసి, “వచ్చేశావా? నాకు దోశ కావాలి,” అంది. నా సంగతి అడగలేదు. మర్నాడూ అడగలేదు. స్వరూపకు ఒకపక్క నవ్వు, ఒకపక్క దిగులు. నన్ను పారేయబుద్ధి కాక, అద్దం ముందున్న తన కాటుక భరిణె మూతలో పెట్టుకుంది. నాకేమీ కోపం రాలేదు. రాత్రి అయిపోతుందన్న సంగతి ఆ పిల్లకు తెలిసిపోయాక ఇక నేనెందుకు చెప్పండి?

ఏడాదిగా ఇక్కడే ఉన్నాను. చుట్టం ఇంట్లో ఉన్నట్టే ఉంది. పక్కనున్న కాటుకదీ నాదీ ఒకటే వంశం, రెండూ మసే. రోజూ స్వరూప మూత తీసినప్పుడు వెలుతురు చూస్తాను.

నిన్న సాయంత్రం భరిణె మూత తీసి ఉండగా మోక్షిత ఒక కొత్త బొమ్మ కాగితం పట్టుకుని ఈ గదిలోకి వచ్చింది. కాస్త పొడుగైంది. ఈసారి కాగితంలో గుమ్మడికాయలు ఎక్కువున్నాయి. నేల మీద బోర్లా పడుకుని, కొత్త డబ్బా తెరిచి, పదకొండు రంగులనూ దాటుకుని చివరి గది దగ్గర ఆగింది. అక్కడున్న పొడవాటి నలుపును తీసింది. స్వరూప నైట్ డ్యూటీకి జడ వేసుకుంటూ అద్దంలోంచి చూసి అడిగింది.

“అదేంటే, ముందే నలుపు మొదలుపెట్టావు? గుమ్మడికాయలు వేసుకోవా?”

“ముందు రాత్రి అయిపోగొట్టాలమ్మా,” అంది మోక్షిత, తలెత్తకుండానే. “నువ్వెళ్ళు. నువ్వొచ్చేసరికి అయిపోతుంది.”